ఎండకు తెల్లబడ్డ కారు ప్లాస్టిక్: బాగు చేయించాలా, మార్చాలా?

గల్ఫ్‌లో పనిచేసే ఇంటి పెద్ద సెలవుపై వచ్చేదాకా కారు గల్లీలోనే ఉంటుంది. నెలకోసారి ఆస్పత్రికో, పెళ్లికో తీస్తారు. మిగతా రోజులన్నీ ఎండలోనే. నాలుగు వేసవులు గడిచేసరికి ఇంజిన్ బాగానే ఉంటుంది, బాడీ రంగూ ఫర్వాలేదు. కానీ బంపర్ కింది భాగం, చక్రాల చుట్టూ నల్ల పట్టీలు, డోర్ బీడింగ్, వైపర్ల కింద ఉండే జాలీ బూడిద పూసినట్టు తెల్లబడిపోతాయి.

పిల్లల కాలేజీ ఫీజు కోసం ఆ బండిని అమ్మకానికి పెడితే, చూడటానికొచ్చిన బ్రోకర్ ముందుగా వేలు పెట్టేది అక్కడే. "బండి బాగా ఎండిపోయింది భాయ్" అంటూ ధర తగ్గించడం మొదలుపెడతాడు. కంగారులో ఇంటివాళ్లు ఎవరేం చెబితే అది చేస్తారు. ఒకరు పాలిష్ కొట్టించమంటారు, ఇంకొకరు అన్నీ కొత్తవి వేయించమంటారు. అసలు విషయం ఒకటే. తెల్లబడిన భాగాన్ని బాగు చేసుకోవచ్చు. పగిలినదాన్ని, ఊడిపోతున్నదాన్ని మార్చాల్సిందే. ఏది ఏ రకమో ఇంట్లోనే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ఎందుకు తెల్లబడుతుంది?

ఈ నల్ల భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. నలుపు కోసం, ఎండను తట్టుకోవడం కోసం అందులో కార్బన్ బ్లాక్, ఇతర రసాయనాలు కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పడితే పైపొర విరిగి పొడిలా మారుతుంది. ఆ పొడి, సన్నని పగుళ్లు వెలుతురును చెదరగొట్టడం వల్లే మనకు తెల్లగా కనిపిస్తుంది. చాలాసార్లు దెబ్బతినేది పైపొర ఒక్కటే. లోపలి ప్లాస్టిక్ గట్టిగానే ఉంటుంది.

ముందు చేత్తో చూడాలి

కారు కడిగి ఆరాక మూడు పనులు చేయాలి. మొదట తెల్లబడిన చోట తడి గుడ్డతో తుడవాలి. తడిగా ఉన్నంతసేపు నల్లగా కనిపిస్తే ఆ భాగం బాగుపడే అవకాశం ఎక్కువ. రెండోది, గోరుతో మెల్లగా గీరాలి. గోరు పగుళ్లలో ఇరుక్కుంటే పాడైనది పైపొర ఒక్కటే కాదు. మూడోది, అంచు పట్టుకుని కొద్దిగా కదపాలి. ఊగినా, చిట్లిన శబ్దం వచ్చినా ఇక దానికి పాలిష్ దండగ.

తెల్లబడటం వరకే అయితే

బండి నీడలో ఉండాలి, చల్లబడి ఉండాలి. కార్ షాంపూతో, మెత్తటి బ్రష్‌తో సందుల్లోని దుమ్ము పోయేదాకా కడగాలి. పాత మైనం, పాలిష్ మరకలు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో తుడవాలి. పక్కనున్న పెయింట్‌కు అంటకుండా మాస్కింగ్ టేప్ వేయాలి. ఆ తర్వాత ట్రిమ్ రిస్టోరర్‌ను స్పాంజితో పల్చగా పూసి, మిగిలినదాన్ని తుడిచేయాలి. ముందు కనిపించని మూలలో కొంచెం పూసి చూడటం మంచిది. డబ్బా మీద రాసినంతసేపు తడి తగలనివ్వకూడదు.

పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ వాడొద్దు. వాటితో పక్కనున్న కిటికీ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇసుక కాగితంతో రుద్దితే గరుకు డిజైన్ పోతుంది, అది మళ్లీ రాదు. హీట్ గన్‌తో కాస్త నలుపు తిరిగొస్తుంది కానీ అది తాత్కాలికమే. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గరలో కరుగుతుంది కాబట్టి చెయ్యి ఒకచోట ఆగితే పట్టీ వంకరపోతుంది. మామూలు స్ప్రే పెయింట్ ఈ ప్లాస్టిక్‌కు సరిగా అంటుకోదు. ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వేస్తే పొరలు పొరలుగా ఊడుతుంది.

డబ్బా ధర కాదు, నెలల లెక్క

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. సిలికాన్ డ్రెస్సింగ్ వెంటనే మెరుస్తుంది, కొన్ని వానలకే పోతుంది. రంగు కలిపిన రిస్టోరర్ కొన్ని నెలలు ఉంటుంది. సిరామిక్ రకం కోటింగ్ అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అడుగు శుభ్రంగా లేకపోతే అదీ నిలవదు. ఉదాహరణకు దుకాణంలో 300 రూపాయలకు పూసింది నెలకే పోతే ఏడాదికి 3,600 అవుతుంది. 1,800 తీసుకున్నది ఏడాది నిలిస్తే నెలకు పడేది 150 మాత్రమే. అందుకే "ఎంత?" అని అడిగే ముందు "ఎన్నాళ్లు?" అని అడగాలి.

పాత కారు కొనేవాళ్లకూ ఇదే పరీక్ష పనికొస్తుంది. నల్లగా మెరిసే పట్టీని తెల్ల గుడ్డతో గట్టిగా తుడిస్తే, నిన్న పూసిన పాలిష్ అయితే గుడ్డకు జిడ్డు అంటుకుంటుంది.

మార్చాల్సినవి ఏవి?

పైకప్పు అంచున ఉండే సన్నని పట్టీ లేస్తుంటే ఆలస్యం చేయొద్దు. హైవే మీద గాలికి ఊడి ఎగిరితే వెనక వచ్చే బైక్ వాళ్లకు ప్రమాదం. వైపర్ల కింది జాలీ పగిలితే వాన నీరు, ఆకులు లోపలికి చేరతాయి. కిటికీ అద్దం బయటి రబ్బరు ఎండి చిట్లితే అందులో ఇరుక్కున్న దుమ్ము అద్దాన్ని గీస్తుంది. క్రోమ్ పూత పొరలుగా లేచినా పాలిష్‌తో తిరిగి రాదు.

కొత్త భాగం అడిగేటప్పుడు 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబర్ చెబితే సరైనది దొరుకుతుంది. పాత పట్టీ తీసేటప్పుడు క్లిప్పులు విరగడం మామూలే, కొత్తవి ముందే తెచ్చుకోవాలి. హైదరాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణాలు చాలా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ భాగం తీసుకుంటే దాన్నీ గోరుతో, చేత్తో పరీక్షించాకే డబ్బు ఇవ్వాలి. అదీ ఎండలో ఉన్నదే కదా.

మళ్లీ తెల్లబడకుండా

గల్లీలో నీడ లేకపోతే కనీసం బండి ముఖం మార్చి మార్చి నిలపండి. ఎప్పుడూ ఒకే వైపు పడమటి ఎండ తగిలితే ఆ వైపే ముందు పాడవుతుంది. కవర్ వేసేముందు దుమ్ము కడగాలి, లేదంటే గాలికి కవర్ కదిలి పెయింట్ మీద గీతలు పడతాయి. బాడీకి మైనం రాసేటప్పుడు నల్ల భాగాలకు తగలనివ్వొద్దు. యజమాని ఊళ్లో లేకపోయినా, నెలకోసారి బండి తీసే కుర్రాడికి ఈ మాత్రం చెప్పి ఉంచొచ్చు.

అమ్మే ముందు ఏం బాగు చేయించారో, ఏం మార్చారో ఆ బిల్లులు దాచి ఉంచండి. బ్రోకర్ తెల్ల మరక చూపించి ధర తగ్గించబోతే, బిల్లు చూపించి మాట్లాడొచ్చు. పగులు ఏదైనా మిగిలి ఉంటే మాత్రం కొనేవాళ్లు అడగకముందే చెప్పేయాలి.