తాడు లాగితే పలకాలి

గడ్డి కోసే ఆ మెషీనుకు పెట్రోలు ట్యాంకు పీచ్ పండ్ల రేకు డబ్బా. 1952లో సిడ్నీ శివారు కాంకర్డ్‌లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ దాన్ని ఇంటి గరాజులో తయారుచేశారు. విలియర్స్ కంపెనీ టూ స్ట్రోక్ ఇంజిన్‌ను పక్కకు పడుకోబెట్టి, కిందికి వచ్చిన ఇరుసుకు బ్లేడు బిగించి, పిల్లలు ఆడుకునే బండి చక్రాలు తగిలించారు. కొడుకు సెలవుల్లో ఇరుగుపొరుగు ఇళ్ల గడ్డి కోసి నాలుగు డబ్బులు సంపాదించుకునేవాడు. ఆ కుర్రాడి కష్టం తగ్గిద్దామన్న ఆలోచనే ఆ తండ్రిని గరాజులో కూర్చోబెట్టింది. ఆయన పేరులోని విక్టరే 'విక్టా' అయింది. 1958 నాటికి ఆ కంపెనీ ఏడాదికి 1,43,000 లాన్ మోవర్లు చేస్తూ 28 దేశాలకు పంపే స్థాయికి చేరింది.

అంతకు కొన్నేళ్ల ముందే అదే నగరంలో లారెన్స్ హాల్ గిర్రున తిరిగే బ్లేడుతో ఒక మోవర్ చేశారు. అది మరీ బరువు, ఇద్దరు పడితేగానీ కదిలేది కాదు. పేరూ డబ్బూ విక్టాకే దక్కాయి. పాత మోవర్ల మీద మక్కువ ఉన్నవాళ్లు హాల్ పేరును కూడా గుర్తుపెట్టుకోవాలి.

విలియర్స్ అన్న పేరు మన పల్లెలకు కొత్త కాదు. చిన్న పంపుసెట్ల మీద ఆ పేరు చూసిన రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌తోనే నడిచిన పాత బజాజ్ చేతక్ తోలినవాళ్లకైతే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయించుకోవడం, వెనక లేచే నీలం పొగ, చొక్కాకు పట్టే ఆ వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ఒక తరానికి శనాదివారాల పొద్దుటి వాసన అదే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లాన్ మోవర్లకూ చోటిచ్చారంటే, ఆ దేశం వాటిని ఇంటి మనుషుల్లో కలుపుకున్నట్టే.

పాత మోవర్లను దాచుకునేవాళ్లను చూసి పాత ఇనుము పోగేస్తున్నారనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. కారు కొన్నవాడు దానికి కవరు కప్పుతాడు, ఫొటో దిగుతాడు. దాచుకుందామని లాన్ మోవర్ కొన్నవాడెవడూ లేడు. వాటిని వానలో వదిలేశారు, రాళ్లకేసి కొట్టారు, పలకనంటే పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. అందుకే అన్ని లక్షలు తయారైనా పాతవి మిగిలింది తక్కువ. మిగిలినవాటిలో తాడు లాగితే పలికేవి మరీ తక్కువ. పలకని మోవర్‌లో సగం కథ పోయినట్టే. ఈ సేకరణలో నిజంగా కాపాడుకోవాల్సింది ఇనుమును కాదు, దాన్ని పలికించే విద్యను.

అసలు లాన్ మోవర్ పుట్టుకకు పెట్రోలుతో సంబంధమే లేదు. నేసిన ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ 1830లో గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. 1893లో ఆవిరి మోవర్ వచ్చింది. 1902లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు మోవర్‌ను అమ్మకానికి పెట్టింది. అదీ ఎస్టేట్లకూ ఆటస్థలాలకూ తప్ప మామూలు ఇంటికి అందేది కాదు. 1921లో బర్మింగ్‌హామ్ నుంచి ఆట్కో మోటారు మోవర్ వచ్చాక కథ మారింది. ఆ ఏడాది చేసినవి 900 మాత్రమే అయినా, మోటారు మోవర్ తోటమాలి చేతిలోంచి ఇంటి యజమాని చేతికి రావడం అక్కణ్నుంచే మొదలైంది.

అమెరికాలో అది ఇంటింటికీ చేరింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. 1947లో న్యూయార్క్ పక్కన మొదలైన లెవిట్‌టౌన్ కాలనీలో వారానికోసారి గడ్డి కోయాలన్నది ఇళ్ల ఒప్పందంలోనే ఉంది. ఇవాళ డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లకు గడ్డి కాస్త పెరగ్గానే ఇళ్ల యజమానుల అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుందంటే, అది ఆనాటి అలవాటు కొనసాగింపే. 1953లో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ అల్యూమినియం ఇంజిన్ తెచ్చి బరువు తగ్గించడంతో, ఆ నిబంధన పాటించడం సులువైంది.

ఇంతకీ ఏళ్ల తరబడి మూలన పడున్న 1960ల నాటి బ్రిగ్స్ ఇంజిన్‌ను ఎలా లేపుతారు? మొట్టమొదట స్పార్క్ ప్లగ్గు వైరు పీకి దూరంగా పెట్టాలి. బ్లేడును చేత్తో తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు, వేళ్లు పోతాయి. తర్వాత ట్యాంకు ఖాళీ చెయ్యాలి. పెట్రోలు అప్పటికే జిగురుగా మారి వార్నిష్ వాసన కొడుతుంటుంది. పైతొడుగు విప్పితే ఎలుకల గూడు కనిపించడం మామూలే. సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డి అంతా తీసెయ్యాలి, లేకపోతే గాలాడక ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది.

ఫ్లైవీల్ ఊడదీస్తే కింద నిప్పురవ్వను సమయానికి రప్పించే సీబీ పాయింట్లు. మన స్కూటర్ మెకానిక్కులు రోజూ గీకినవే. వాటి మీద పట్టిన మసక పొరను సన్న ఎమెరీ కాగితంతో తీసి, శుభ్రమైన కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగాలి. ఆ కాగితం నల్లగా రావడం మానేదాకా లాగాలి. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట 20 వంతులు ఉండాలి. అక్కడే ఫ్లైవీల్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం కీ ఉంటుంది. కావాలనే మెత్తటి లోహంతో చేశారు దాన్ని. బ్లేడు మొద్దుకు తగిలినప్పుడు అసలు ఇరుసు వంగకుండా తను తెగిపోవడమే దాని పని. సగం తెగిన కీతో ఇంజిన్ లాగితే నిప్పురవ్వ తప్పు సమయంలో పడి, తాడు ఎదురు తన్ని చెయ్యి గుంజేస్తుంది. అన్నీ సరిచూసి ఇంకా పలకట్లేదని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ కీని చూడాలి.

చివర్న కార్బ్యురేటర్. జెట్టు శుభ్రం చేసి, బిరుసెక్కిన డయాఫ్రం పొర మార్చి, కొత్త పెట్రోలు పోసి, వైరు మళ్లీ తగిలించి, చోక్ వేసి లాగాలి. మొదట ఏమీ ఉండదు. మరో రెండుసార్లు లాగితే ఓ దగ్గు. ఆ దగ్గు వినగానే చోక్ సగం తియ్యాలి.

మళ్లీ రంగు వెయ్యాలా వద్దా అన్నది ఎప్పుడూ ఉండే తగువు. నేను వద్దనే పక్షం. హ్యాండిల్ మీద రంగు పోయి ఇనుము నున్నగా మెరిసే చోట ఒక మనిషి ఇరవయ్యేళ్లు చేతులు పెట్టి తోశాడు. ఆ గుర్తు మీద పెయింటు వెయ్యడానికి నాకు మనసొప్పదు.

ఇంగ్లండ్‌లో 1990లో ఓల్డ్ లాన్‌మోవర్ క్లబ్ పుట్టింది, సౌత్‌పోర్ట్‌లో ఏకంగా మ్యూజియమే వెలిసింది. నాకు వీటన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఆల్విన్ స్ట్రెయిట్. 1994లో ఆయన వయసు 73. కళ్లు సరిగా కనబడవు, కారు లైసెన్సు లేదు. పక్షవాతం వచ్చిన అన్నను చూడ్డానికి కూర్చుని నడిపే 1966 నాటి జాన్ డీర్ మోవర్ ఎక్కి, అయోవాలోని లారెన్స్ నుంచి విస్కాన్సిన్ దాకా సుమారు 240 మైళ్లు వెళ్లారు. ఆరు వారాలు పట్టింది. ఆయన కథే 1999లో డేవిడ్ లించ్ సినిమా అయింది. దాదాపు ముప్పయ్యేళ్ల పాత మోవర్ అంత దూరం మోసుకెళ్లిందంటే, విప్పి బాగుచేసుకునేలా కట్టిన యంత్రం కాబట్టే.

పాతవాటిలో ప్రమాదం లేదని నేనను. హ్యాండిల్ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలన్న నిబంధన అమెరికాలో 1982లోగానీ రాలేదు. అంతకుముందువి వదిలేసినా తిరుగుతూనే ఉంటాయి. పిల్లలు దగ్గరుంటే వాటిని స్టార్టు చెయ్యకూడదు. పొగ సంగతీ తెలిసిందే. కాలిఫోర్నియా 2024 నుంచి కొత్తగా వచ్చే చిన్న పెట్రోలు ఇంజిన్లకు పొగ వదలకూడదని షరతు పెట్టింది, హోండా 2023లోనే అమెరికాలో పెట్రోలు మోవర్ల తయారీ ఆపేసింది. వారం వారం గడ్డి కోయడానికి బ్యాటరీ మెషీనే మేలు. పాతదాన్ని నెలకోసారి పలికిస్తే చాలు.

అమెరికాలో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్ల గరాజుల్లో, ముందటివాళ్లు వదిలేసిన మోవర్ ఒకటి ఉండే ఉంటుంది. చెత్తబండికి ఎత్తే ముందు ఇంజిన్ పైతొడుగు మీద దుమ్ము తుడిచి చూడండి. బ్రిగ్స్ ఇంజినైతే రేకు మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు వరసల అంకెలు కొట్టి ఉంటాయి. కోడ్‌లో మొదటి రెండు అంకెలు అది తయారైన సంవత్సరం, తర్వాతి రెండు నెల. 66 అని ఉంటే అది ఆల్విన్ మోవర్ ఈడుది. ఆ మూడు వరసలూ రాసుకుంటే, దానికి సరిపడే పాయింట్లూ డయాఫ్రమూ ఇప్పటికీ తెప్పించుకోవచ్చు.