రాషా అంటే వణుకొక్కటేనా?

పెద్దాయన చెయ్యి వణికితే మన ఉర్దూ ఇళ్లలో ‘రాషా’ అంటాము. పక్కింటి తెలుగువారు ‘వణుకుడు జబ్బు’ అంటారు. ఆయుర్వేదంలో అది కంపవాతం. ఆసుపత్రి చీటీలో పార్కిన్సన్స్ అని రాస్తారు. ఇన్ని పేర్లు విని, ఇన్ని జబ్బులు వచ్చాయేమోనని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

మన పేర్లన్నీ వణుకునే చెబుతాయి. చిక్కు అక్కడే ఉంది. వణికే ప్రతి చెయ్యీ ఈ జబ్బు కాదు. థైరాయిడ్ వల్ల కూడా చేతులు వణుకుతాయి. ఈ జబ్బున్నా కొందరికి వణుకే ఉండదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గురించి రాసినప్పుడు దీన్ని వణుకుతో కూడిన పక్షవాతమన్నాడు. అందరూ వణకరు, ఇది పక్షవాతమూ కాదు, కాబట్టి పార్కిన్సన్ పేరే పెడదామని తర్వాత ఫ్రెంచి వైద్యుడు షార్కో అన్నాడు.

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఇది వస్తుంది. నడక మందగిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, చేతిరాత చిన్నదవుతుంది, గొంతు తగ్గుతుంది. ఫాలిజ్ ఉన్నట్టుండి పడుతుంది, దానికి క్షణం ఆలస్యం చేయకూడదు. ఇది నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా నరాల డాక్టరుకు చూపించాలి.

పూర్తిగా నయం కాకపోయినా, లెవోడోపా మాత్రలతో చాలామంది తమ పనులు తాము చేసుకోగలుగుతారు. మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. అలాగని గింజలు దంచి తినరాదు, మోతాదు తెలియదు. మాత్రలు హఠాత్తుగా మానినా ప్రమాదమే. రంజాన్‌కు ముందే డాక్టరునూ ఆలిమ్‌నూ అడగండి. రోగులకు ఉపవాసంలో సడలింపు ఖుర్ఆన్‌లోనే ఉంది (అల్ బఖరా, 185).

ఇంట్లో ఏ పేరుతో పిలుచుకున్నా, కాగితం మీద అసలు పేరు ఉండాలని మేము కోరుతున్నాము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు స్పష్టంగా ఉంది. సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఆ చీటీలు వెంట తీసుకువెళ్లండి.

రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.