పిల్లి మనసుకు అయిదు వారాల గడువు

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు: "ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు, మా అత్తగారు, మేమిద్దరం. పిల్లి కావాలని పిల్లలు ప్రాణం తోడేస్తున్నారు. ఎలాగూ తెస్తున్నాం కదా, ప్రేమగా ఒళ్లో కూర్చునే మంచి జాతి పిల్లినే తెద్దామనుకుంటున్నాం. పర్షియన్ తెచ్చుకోమని ఒకరంటారు, రాగ్‌డాల్ అయితే పిల్లలు ఎలా ఎత్తుకున్నా ఏమీ అనదని ఇంకొకరంటారు. ధరలు వింటే కళ్లు తిరుగుతున్నాయి. ఏది తీసుకోమంటారు?"

ఒక జాతి పేరు రాసి పంపేస్తే అయిపోయే ఉత్తరమే. కానీ పిల్లికి మనిషంటే ప్రేమ ఎప్పుడు, ఎలా పుడుతుందన్నది జంతు ప్రవర్తనా శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. అవకాశం దొరికాక వదులుకోలేను.

ముందు జాతుల సంగతి, నాలుగు ముక్కల్లో. మన పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవి పిల్లి, ఫెలిస్ లిబికా. ధాన్యం నిల్వల దగ్గర ఎలుకలు మరిగి అది మనిషి పక్కన చేరి సుమారు 10,000 ఏళ్లయింది. జాతుల వయసు అందులో పిసరంత. 1871 జూలైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన పెట్టాడు. రంగు, బొచ్చు, ముఖం తీరు చూసి బహుమతులిచ్చే సంప్రదాయం ఊపందుకున్నది ఆ తర్వాతే. కుక్కల్ని మనిషి వేటకనీ, మంద కాపలాకనీ పనిని బట్టి ఏరి పెంచాడు. పిల్లుల్ని అందం చూసి ఏరాడు. స్వభావం ఆ బేరంలో కొసరు.

అలాగని జాతికీ జాతికీ తేడా లేదనలేం. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన హన్నెస్ లోహి బృందం దాదాపు 6,000 పిల్లుల గురించి యజమానుల్ని అడిగి 2019లో ఫలితాలు ప్రచురించింది. తనంతట తాను మనిషి దగ్గరికి రావడంలో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ వెనకబడింది. 2021లో అదే బృందం చేసిన మరో అధ్యయనంలో రష్యన్ బ్లూ అన్నిటికన్నా పిరికిదనీ, అబిసీనియన్‌కు భయం అతి తక్కువనీ, పర్షియన్ మహా మందకొడిదనీ తేలింది. మొదటి అధ్యయనంలో మెయిన్ కూన్, రాగ్‌డాల్, టర్కిష్ వాన్ జాతుల్లో స్వభావ లక్షణాల వారసత్వ పాలు 0.4 నుంచి 0.53 దాకా ఉందని లెక్క కట్టారు. అది చూసి "పిల్లి స్వభావంలో సగం జన్యువులదే" అని చెప్పేస్తుంటారు. తప్పు. ఒక గుంపులో పిల్లికీ పిల్లికీ మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాతో ముడిపడి ఉందో చెప్పే లెక్క అది. మీ ఒళ్లో ఉన్న పిల్లి ప్రేమలో ఇంత తాతది, ఇంత మీది అని పంచి ఇవ్వదు. సరే, తేడాల్లో మిగతా సగం మాటేమిటి? అసలు కథ అక్కడుంది.

1980లలో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లి కూనల్ని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపును మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా రోజుకు 15 నిమిషాలు ఎత్తుకుని నిమిరారు. రెండో గుంపుకు అదే పని ఏడో వారంలో మొదలుపెట్టారు. మూడో గుంపును ఎవరూ ఎత్తుకోలేదు. ఆ తర్వాత రెండు పరీక్షలు. మనిషి కూనను ఒళ్లో పెట్టుకుంటాడు, బిగించి పట్టుకోడు. అది దిగి పోయేదాకా ఎన్ని సెకన్లు గడిచాయో చూస్తారు. ఇంకో పరీక్షలో గదికి ఒక చివర మనిషి కూర్చుంటాడు, రెండో చివర కూనను వదులుతారు. అది అతన్ని చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. ఇంతే సరంజామా: ఒక ఒడి, ఒక గది, ఒక గడియారం. ఇంత తక్కువ ఖర్చులో ఇంత గట్టి జవాబు చెప్పిన ప్రయోగాలు అరుదు.

మూడో వారంలో మొదలుపెట్టిన కూనలు అన్నిటికన్నా ఎక్కువసేపు ఒళ్లో ఉన్నాయి, అన్నిటికన్నా త్వరగా మనిషిని చేరాయి. ఏడో వారంలో మొదలుపెట్టిన వాటికి కూడా ఏడు వారాల పాటు నిమరడం దక్కింది కదా! అయినా అవి అసలు ఎవరూ ఎత్తుకోని గుంపుకే దగ్గరగా నిలిచాయి. అంటే ఎంతకాలం ముద్దుచేశామన్న దానికన్నా ఎప్పుడు మొదలుపెట్టామన్నది ముఖ్యం. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసి, కూన మనుషులకు అలవాటు పడే కీలక కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకా అని కార్ష్ తేల్చారు.

ఆ వారాల్లోనే ఎందుకు? పుట్టినప్పుడు కూన కళ్లు మూసుకుని ఉంటాయి, చెవి రంధ్రాలూ అంతే. తల్లి ఒంటి వెచ్చదనం, వాసన, అదే దాని లోకం. వారం పది రోజులకు కళ్లు విచ్చుకుంటాయి. రెండో వారానికి చెవులు పనిలో పడతాయి. మూడో వారంలో తప్పటడుగులు. మనిషి అనే జీవి ఒకటుందని కూనకు తెలిసే వీలు అప్పుడే వస్తుంది. ఆ దశలో కొత్తదేది ఎదురైనా దగ్గరికెళ్లి మూతి ఆనించాలన్న ఉబలాటానిదే పైచేయి, బెదురు ఇంకా పుట్టలేదు. ఆరో వారం వచ్చేసరికి వరస మారుతుంది. వీపు విల్లులా వంచడం, బొచ్చు నిక్కబొడవడం, పెద్ద పిల్లి భయపడే తీరంతా వచ్చేస్తుంది. ఉబలాటం తగ్గుతూ, భయం పెరుగుతూ రెండూ ఒకదాన్నొకటి దాటే ఆ కొద్ది వారాలే గడువు.

అడవి పిల్లి ఒంటరి జీవి. తల్లి వదిలేశాక కూనకు వెనకాముందూ ఎవరూ ఉండరు. ఎవరు తనవాళ్లో, ఎవరిని చూస్తే పరుగెత్తాలో తల్లి నీడలో ఉండగానే తేల్చుకోవాలి. అందుకే కూన మెదడు ఆ వారాల్లో రేషన్ కార్డు రాసుకుంటుందనుకోండి. అప్పుడు తగిలిన వాసనలు, గొంతులు, చేతులు కుటుంబ సభ్యులుగా ఎక్కేస్తాయి. తర్వాత కొత్త పేరు చేర్చడం అసాధ్యమేమీ కాదు, కానీ ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు.

ఈ విషయంలో జనం రెండు వైపులా పొరబడ్డారు. ఒకటి, కుక్క లెక్కను పిల్లికి అంటగట్టడం. కుక్క పిల్లలకు కీలక కాలం మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలకు చెందిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ తమ 1965 పుస్తకంలో చూపించారు. కుక్క పిల్లను రెండు నెలలకు తెచ్చుకుంటే గడువు ఇంకా మిగిలి ఉంటుంది. కూనను రెండు నెలలకు తెస్తే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. రెండో పొరపాటు, ఏడో వారం తర్వాత తలుపు మూసేసినట్టే అనుకోవడం. అదేమీ తలుపు కాదు, మెల్లగా దిగే వాలు. వీధిలో పెరిగిన మూడు నెలల పిల్లి కూడా ఓపిగ్గా అన్నం పెట్టే మనిషికి చేరువవుతుంది, ఆ ఒక్క మనిషికే.

మనుషుల సంఖ్యకూ ఇందులో పాత్ర ఉంది. 1967లో కొలార్డ్ అనే పరిశోధకురాలు కొన్ని కూనల్ని రోజూ ఒకే మనిషి చేతికి, కొన్నిటిని అయిదుగురి చేతులకు ఇచ్చి చూశారు. అయిదుగురి చేతుల్లో మెలిగినవి కొత్తవాళ్లను చూసి తక్కువ బెదిరాయి. ఒకరి దగ్గరే ఉన్నవి ఆ ఒకరిమీద ఎక్కువ ప్రేమ చూపాయి. కాకినాడ ఇంట్లో లెక్కకు సరిగ్గా అయిదుగురున్నారు. చిక్కల్లా, ఆ అయిదు వారాల్లో కూన ఉండేది అమ్మేవాళ్లింట్లో. పసి చేతులు, ముసలి చేతులు, గట్టి గొంతులు, కుక్కర్ విజిల్, తలుపు చప్పుడు అక్కడ ఉన్నాయా అన్నది కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఇక తండ్రి. గండుపిల్లి కూనల ముఖం కూడా చూడదు, పెంపకంలో దానికి పాత్రే లేదు. అందుకని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1986లో డెన్నిస్ టర్నర్, పాట్రిక్ బేట్సన్ బృందం చూపించిందేమంటే, తండ్రిని ఎన్నడూ చూడని కూనల్లో కూడా మనిషితో చనువు తండ్రిని బట్టి మారుతోంది. 1995లో సాండ్రా మెక్‌క్యూన్ ఇంకో అడుగు ముందుకేశారు. చనువైన తండ్రి సంతానం, చనువు లేని తండ్రి సంతానం తీసుకుని, రెండిట్లోనూ కొన్నిటిని చిన్నప్పుడు మనుషులకు అలవాటు చేసి, కొన్నిటిని చేయకుండా పెంచారు. ఏడాది వయసులో ముందు మనిషిని, తర్వాత ఎన్నడూ చూడని ఒక పెట్టెను వాటి ముందుంచారు. మనిషి విషయంలో తండ్రీ పనిచేశాడు, పెంపకమూ పనిచేసింది. పెట్టె విషయంలో పెంపకం ఏమీ తేల్చలేదు, తండ్రి మాత్రం తేల్చాడు. చనువైన తండ్రి పిల్లలు ఆ పెట్టె దగ్గరికి కూడా చప్పున వెళ్లి వాసన చూశాయి. అంటే రక్తంలో దిగివచ్చేది మనిషి మీద ప్రేమ కాదు, కొత్తదాన్ని చూసి జంకని ధైర్యం. మనిషి కూడా కూనకు ఒక కొత్త వస్తువే కనుక, ఆ ధైర్యం మన కళ్లకు ప్రేమలా కనిపిస్తోంది. ఈ ఫలితం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఉత్సాహం ఆగదు.

ఇప్పుడు రాగ్‌డాల్ పుట్టుక కథ వినండి. 1960లలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆన్ బేకర్ అనే ఆమె జోసెఫిన్ అనే తెల్లటి, పొడవు బొచ్చు పిల్లి సంతానంతో ఈ జాతిని మొదలుపెట్టింది. జోసెఫిన్‌ను కారు గుద్దింది. కోలుకున్నాక పుట్టిన కూనలు మహా సాధువులట, ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా వాలిపోయేవట, నొప్పి కూడా తెలిసేది కాదట. అదంతా ప్రమాదం మహిమేనని బేకర్ వాదన. తల్లికి దెబ్బ తగిలితే అది పిల్లలకు సంక్రమిస్తుందా? జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మాన్ 19వ శతాబ్దిలోనే ఎలుకల తోకలు తరం తర్వాత తరం కత్తిరించి చూశాడు. 900కు పైగా పిల్లలు పుట్టాయి, ఒక్కదానికీ తోక తగ్గలేదు. బేకర్ చెప్పినదంతా జరిగిందనుకున్నా అందులో మహిమ ఏమీ అక్కర్లేదు. గాయపడిన తల్లిని మనుషులు సాకితే కూనలు కళ్లు తెరిచేది మనుషుల చేతుల మధ్యే. తండ్రి ధైర్యస్థుడైతే మిగతాది అతను చూసుకుంటాడు. పైగా ఒళ్లు వదిలేయడం ప్రతి కూనకూ వచ్చిన విద్యే. తల్లి మెడ పట్టి ఎత్తగానే వెనక కాళ్లు ముడుచుకుంటాయి, తోక పొట్ట కిందికి వస్తుంది, ఒళ్లంతా వదులవుతుంది. వైష్ణవ ఆచార్యులు శరణాగతికి మార్జాల కిశోర న్యాయం చెప్పింది దీన్ని చూసే. 2008లో ఒహాయో పరిశోధకులు మెడ వెనక చర్మానికి ఆఫీసు కాగితాల క్లిప్పులు పెట్టి పెద్ద పిల్లుల్ని కూడా అలా నిమ్మళింపజేశారు. నొప్పి తెలియదన్న మాట మాత్రం పచ్చి అబద్ధం, పసిపిల్లలున్న ఇంట్లో ప్రమాదకరమైన అబద్ధం కూడా. రాగ్‌డాల్‌కు నొప్పి అన్ని పిల్లులకు లాగే తెలుస్తుంది. అరవకపోతే అది దాని సహనం.

సహనం అనుకునేది ఒక్కోసారి జబ్బు. చెవులు ముడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్ "నెమ్మది పిల్లి" అని పేరు తెచ్చుకుంది. ఆ చెవుల్ని ముడిచే టీఆర్‌పీవీ4 జన్యు మార్పే ఒంట్లోని మృదులాస్థినీ, కీళ్లనూ పాడుచేస్తుంది. గెంతని పిల్లికి గెంతితే నొప్పేమో! దాని జోలికి వెళ్లకండి. మన దగ్గర "పంచ్ ఫేస్" అని ఎక్కువ ధర పలికే చప్పిడి ముక్కు పర్షియన్‌కు ఊపిరి కష్టం, ఎప్పుడూ కారే కళ్లు. పర్షియన్లలో మూత్రపిండాల్లో తిత్తుల జబ్బు కూడా వంశపారంపర్యంగా వస్తుంది, దాని జన్యు పరీక్ష 2004 నుంచీ ఉంది. రాగ్‌డాల్‌కు గుండె కండరం మందమయ్యే జబ్బుకు జన్యు పరీక్ష ఉంది. జాతి పేరే కావాలంటే, తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించిన రాగ్‌డాల్‌కు నా ఓటు. రోజూ దువ్వే ఓపిక, మే నెల ఉక్కకు చల్లటి గది ఉంటేనే సుమా.

కూనలకు అయిదో వారం నడుస్తుండగా వెళ్లండి. నేలమీద కూర్చోండి. పిలవకండి, కళ్లలోకి గుచ్చి చూడకండి, చెయ్యి చాచి ఊరుకోండి. తోక నిలువుగా ఎత్తుకుని వచ్చే కూన మీది. కానీ ఆ రోజే తెచ్చేసుకోకండి. ఎనిమిది వారాలకు ముందే తల్లిని వదిలిన పిల్లుల్లో కరిచే, రక్కే గుణం ఎక్కువని 2017లో అదే ఫిన్లాండ్ బృందం చూపింది, పద్నాలుగు వారాలు ఆగితే మేలంది. మన బజారులో మాత్రం "45 రోజుల పిల్ల" అని గర్వంగా అమ్ముతారు. మనుషులకు అలవాటయ్యే గడువు ముగుస్తూండగా, తల్లి శిక్షణ సగంలో ఉండగా విడదీస్తున్నారన్నమాట. ఇంతకన్నా చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు.

ఇంకో మాట. వంశవృక్షం కాగితం చూపిస్తే మురిసిపోకుండా ఆ తండ్రి పిల్లిని చూపించమనండి. అపరిచితులైన మిమ్మల్ని చూసి అది మంచం కిందికి దూరితే, కాగితం ఎంత పొడుగున్నా లేచి వచ్చేయండి. తరాల కొద్దీ పేర్లు, రంగులు, గెలిచిన బిరుదులు రాసే ఆ కాగితంలో, ఏ ఒక్క తాతైనా ఎవరి ఒళ్లోనైనా కూర్చున్నాడా అని రాయడానికి ఒక్క గడీ పెట్టలేదు.