యాత్రలో మరువరాని మూడు విషయములు



మన ఓరుగంటి ప్రాంతము నుండి కాశీకి, రామేశ్వరమునకు, కాళేశ్వరమునకు యాత్రగా వెళ్లువారు నానాటికి పెరుగుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే బయలుదేరుటకు ముందు తిథి, వర్జ్యము, వారశూల విచారించుటకు మా వద్దకు వచ్చువారే గాని, బయలుదేరిన పిదప ఎట్లు మెలగవలెనో అడుగువారు అరుదు. మంచి ముహూర్తమున గడప దాటినంత మాత్రమున యాత్ర క్షేమముగా ముగియదు. కావున గడప దాటిన పిమ్మట జరుగు పొరపాట్లను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఏ పూజ చేసినను మనము ముందుగా సంకల్పము చెప్పుకొందుము. మనమెక్కడ ఉన్నాము, ఇది ఏ కాలము, మనమెవరము అను మూడు విషయములు అందుండును. ఇంటనున్నప్పుడు శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో చెప్పి, స్వగృహమని పలుకుదుము. కాశీకి పోయి ఆ మాటలనే వల్లించుట పొరపాటు. అచ్చట అవిముక్త క్షేత్రమనియు, ఆనందవనమనియు, మహాశ్మశానమనియు చెప్పవలెను. బసచేసిన ఇంటిని వసతిగృహమనవలెను. సంకల్పము నోటి అలవాటు కాదు. తానున్న స్థితిని తాను ఎరుగుట. ప్రయాణములలో జరుగు పొరపాట్లు పెక్కు ఈ మూడింటిలో ఏదో యొకదానిని మరచుట వలననే కలుగుచున్నవి.

మొదటిది దేశము. మనకు కాజీపేట, వరంగల్ అని రెండు స్టేషనులున్నవి. సికిందరాబాదు నుండి బల్లార్షా మీదుగా ఉత్తరమునకు పోవు బండ్లు కాజీపేట మీదుగా పోవును గాని వరంగల్ స్టేషనుకు రావు. టికెట్టుపై ఏ పేరున్నదో చూచుకొనక బయలుదేరువారు ఆదిలోనే ఇక్కట్ల పాలగుదురు. కాశీకి దగ్గరనున్న మొగల్ సరాయి స్టేషనుకు 2018లో పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మారినది. పాత పేరు కొరకు వెదకు వృద్ధులకు ఈ సంగతి ముందే చెప్పవలెను. 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి ఊరి పేరు, దూరము, వసతి వ్రాసి ఉంచుకొనిరి. వారు గ్రంథము నింపుకొనిరి. మనము ఒక చీటీయైన వ్రాసుకొనమా?

నది విషయమునను ఇంతే. ఇంటి బావి యొద్ద స్నానమునకు అలవాటుపడినవారు గోదావరీ ప్రాణహితల సంగమమున దిగి, పైకి నిలకడగా కనిపించు నీటిని నమ్మరాదు. ఇసుక తోడిన చోట గుంటలుండును. ఆ రేవు ఎరిగిన స్థానికులను అడిగి, వారు చూపిన చోటనే మునుగవలెను. మోకాలిలోతున కూర్చుండి చెంబుతో తలపై నీరు పోసికొన్నను అది తీర్థస్నానమే.

రెండవది కాలము. మన పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును. రైల్వేవారికి అర్ధరాత్రితో మొదలగును. శుక్రవారము రాత్రి భోజనము చేసి 12 గంటల 30 నిమిషముల బండికి పోవువాని టికెట్టుపై శనివారపు తేదీ ఉండవలెను. శుక్రవారపు తేదీ ఉన్నచో ఆ బండి ముందటి రాత్రియే వెళ్లిపోయినదని తెలియవలెను.

పుణ్యకాలము తప్పిపోవునేమోయను తొందర ఇంతకంటె ప్రమాదకరమైనది. 2015 జూలై 14న, గోదావరీ పుష్కరముల తొలిదినమున, రాజమహేంద్రవరము పుష్కరఘట్టమున జరిగిన తొక్కిసలాటలో 25 మందికి పైగా అసువులు బాసిరి. వారందరును పుణ్యము కోరి వచ్చినవారే. పుష్కరకాలము 12 దినములు. ఒక్క రేవుననే, ఒక్క గడియలోనే స్నానము చేయవలెనన్న నియమము లేదు. నదీతీరమంతయు ఆ కాలమున తీర్థమే. మన పక్కన ధర్మపురి, మంథని, కాళేశ్వరము ఉన్నవి. 2027లో మరల గోదావరికి పుష్కరములు రానున్నవి. ఈ మాట ఇప్పుడే మనస్సున నిలుపుకొనవలెనని మా ప్రార్థన.

మూడవది కర్త, అనగా యాత్ర చేయు మనము. మన వయస్సు, మన ఆరోగ్యము మనకు గుర్తుండవలెను. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారు క్షేత్రమున ఉపవాసమని మందులు మానుచున్నారు. జలము, కందమూలములు, ఫలములు, పాలు, ఔషధము వ్రతభంగము చేయవని శాస్త్రము స్పష్టముగా చెప్పినది. శాస్త్రము దయతో ఇచ్చిన వెసులుబాటును నిరాకరించుట నిష్ఠ కాదు. చలిలో తలస్నానము చేయలేనివారు తడిగుడ్డతో శరీరము తుడుచుకొన్నను స్నానమే. దానికి కాపిలస్నానమని పేరు.

రైలులో అపరిచితులు ఆహారములో మత్తుమందు కలిపి దోచుకొనుట కలదు. ప్రసాదమని యిచ్చినను నమస్కరించి వలదనుటలో దోషము లేదు.

చివరగా ఒక ముఖ్యవిషయము. గోత్రనామములు పురోహితునికి తడబడక చెప్పుదుము. కాని మేడారము జాతర జనసందోహములో చేయి విడిపోయిన ముసలితల్లికి కుమారుని ఫోను నంబరు గాని, దిగిన చోటు గాని తెలియదు. భాష రాని కాశీలోనైన ఆమె దుఃఖమునకు మేరయుండదు. పేరు, ఊరు, బస, ఇంటివారి నంబరు వ్రాసిన చీటీ ప్రతి వృద్ధుని కొంగునను, ప్రతి పసిబిడ్డ జేబులోను ఉంచవలెను. ఇది లౌకికమైన పని యని తీసివేయకుడు. సంకల్పములో గోత్రనామములు ఎంతటివో, యాత్రలో ఆ చీటీ అంతటిది.

తీర్థమునకు పోవుట ఎంత పుణ్యమో, వెంట తీసికొనిపోయిన వారినందరను క్షేమముగా ఇల్లు చేర్చుట అంత ధర్మము. శ్రీ భద్రకాళీ అమ్మవారు యాత్రికులనందరను కాపాడుగాక!

శుభం భూయాత్.