బయానా ఇచ్చే ముందు ఈ కాగితం సంగతి చూడండి

మాది మనూర్. మా దిక్కు ఎవరైనా భూమి కొన్నారంటే పెద్దలు అడిగే మొదటి మాట: ‘కాగితం అయ్యిందా?’ సరే, ఏ కాగితం? అసలు తిరకాసు అక్కడే ఉంది.

తాతల కాలంలో తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, సాక్షులతో సంతకాలు పెట్టిస్తే కొనుగోలు అయిపోయినట్టే. అదే సాదా బైనామా. ఆ తరం పోయింది, ఎకరం రేటు లక్షల్లోకి వెళ్లింది. ఇప్పుడు అమ్మినాయన వారసులు ‘పట్టా మా పేరు మీదే ఉంది కదా’ అంటారు. దున్నేది ఒకరు, పాస్‌బుక్ ఇంకొకరిది!

చట్టం మాత్రం ఎప్పటినుంచో సూటిగానే చెబుతోంది. వంద రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాత సాదా బైనామాలకు 2025 భూభారతి చట్టం ఓ దారి చూపింది. అయితే అది 2014 జూన్ 2కు ముందే కొని, సాగులో ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే. ఈరోజు మీరు తెల్ల కాగితం మీద కొంటే ఆ దారి మీకు లేదు.

మరి అగ్రిమెంట్ రాసుకుంటే? అదొక్కటే మిమ్మల్ని యజమానిని చేయదు. అవతలివాళ్లు మాట తప్పితే, రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకెళ్లే హక్కు ఇస్తుంది. అదీ అందులో రాసుకున్న గడువు తేదీ నుంచి మూడేళ్లలోపే. ‘జీపీఏ ఇస్తాం, చాలు’ అంటే నమ్మొద్దు. జీపీఏతో యాజమాన్యం రాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

అందుకే నేను ఫ్రెండ్స్‌కు చెప్పేది ఇదే. అగ్రిమెంట్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, మొత్తం ధర, బయానా ఎంత, బాకీ ఏ తేదీకి, ఎవరు తప్పుకుంటే ఏం కట్టాలి... అన్నీ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. భూమిలో వాటా ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం చేయాలి. అంతకంటే ముందు ఈసీ తీసి, భూభారతి పోర్టల్‌లో పట్టా ఎవరిదో చూడండి.

నలుగురు దోస్తులు కలిసి కొంటున్నారా? ఎవరు ఎంత పెట్టారు, ఎవరి వాటా ఎంత అన్నది కూడా రాసుకోండి. నలుగురి పేర్లూ దస్తావేజులో ఉండాల్సిందే.

‘కాగితం రాద్దాం’ అంటే మనవాళ్లే కదా, ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. రాసుకున్నందుకు చుట్టరికాలు చెడవు. రాసుకోనందుకే చెడతాయి.