రక్తం గడ్డకట్టే జబ్బు వంశపారంపర్యమా?

"మా అక్కకి మూడుసార్లు గర్భం పోయింది. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. నాకూ వస్తుందా డాక్టరుగారూ?" – చాలామంది చెల్లెళ్ళ భయమిది.

శరీరాన్ని కాపాడవలసిన యాంటీబాడీలే దారితప్పి రక్తాన్ని గడ్డకట్టిస్తే దాన్ని 'యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్' అంటారు. 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ ఈ జబ్బును వివరించారు.

ఇది ఆస్తిలాగా తల్లినుంచి కూతురికి తప్పక వచ్చేది కాదు. కొన్ని హెచ్.ఎల్.ఎ. జన్యువులున్నవారికి ఇది వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అంతే! జన్యువు దీపమైతే, దానికి అంటుకునే మిథైల్ గుర్తులు స్విచ్చి వంటివి. ఈ రోగుల తెల్లకణాల్లో ఆ గుర్తులు కొన్నిచోట్ల మారి ఉన్నట్లు పరిశోధకులు గమనించారు. జన్యువులను మనం మార్చుకోలేం. కాని పొగతాగడం మానవచ్చు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేముందు డాక్టరును అడగవచ్చు.

అక్కకు ముందు రక్తపరీక్ష చేయించండి. యాంటీబాడీలు కనిపిస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. జబ్బు ఖాయమైతే, గర్భం నిలవడానికి తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వార్ఫరిన్ వాడుతున్నవారు గర్భం అనుమానం రాగానే డాక్టరుకు చెప్పాలి. సొంతవైద్యం వద్దు. సరైన చికిత్సతో ఎందరో తల్లులు పండంటి బిడ్డలను ఎత్తుకుంటున్నారు.

అత్తగారూ, కోడలిని నిందించకండి. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి!