భాగం 7: తడి, మంచు దారుల్లో దీర్ఘదూర పరుగు - పట్టునిచ్చే బూట్ల ఎంపిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బూటుకూ నేలకూ మధ్య పట్టు ఏర్పడే విధానాన్ని వివరించగలుగుతారు.
• వేర్వేరు నేలలకు తగిన సోలు లక్షణాలను గుర్తించగలుగుతారు.
• ఒక పోటీ దారిని విశ్లేషించి, దానికి తగిన బూట్లను ఎంపిక చేయగలుగుతారు.

7.1 పరిచయం

కొండదారుల్లో, అడవిబాటల్లో సాగే పరుగును ట్రెయిల్ రన్నింగ్ అంటారు. మారథాన్ దూరమైన 42.195 కి.మీ.ను మించిన పోటీలు అల్ట్రా మారథాన్లు. చలిదేశాల్లో శీతాకాలంలో కూడా ఇవి జరుగుతాయి. అటువంటి చోట కాలు జారడం చిన్న విషయం కాదు. పరుగెత్తుతున్నంతసేపు కండరాలు వేడిని పుట్టిస్తాయి. చీలమండ బెణికి కదలలేక కూర్చుండిపోతే, తడిబట్టల్లో ఉన్న శరీరం త్వరగా చల్లబడుతుంది. శరీరాంతర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన స్థితిని అల్పోష్ణస్థితి అంటారు. ఇది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి బూట్ల ఎంపిక ముందుగా భద్రతకు సంబంధించిన నిర్ణయం, ఆ తరువాతే వేగానికి సంబంధించినది.

పర్వతారోహణ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1935లో ఇటలీ ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు ఆరోహకులు మరణించారు. పరిస్థితులకు తగని పాదరక్షలు కూడా ఇందుకు ఒక కారణమని వారి మిత్రుడు విటాలే బ్రమాని భావించాడు. లోతైన పళ్ళున్న రబ్బరు సోలును ఆయన 1937లో రూపొందించాడు. విబ్రమ్ అనే పేరు ఆయన పేరు నుంచి వచ్చినదే.

7.2 పట్టు అంటే ఏమిటి?

పట్టు బూటుకు మాత్రమే చెందిన గుణం కాదు. అది బూటు, నేల అనే జంటకు చెందిన గుణం. ఈ భాగంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

ఘర్షణ బలం = ఘర్షణ గుణకం × లంబ బలం అని మీరు చదివి ఉంటారు. వాలు కోణపు టాంజెంటు విలువ ఘర్షణ గుణకాన్ని మించితే వాలు మీది వస్తువు జారుతుంది. గుణకం 0.5 అయితే సుమారు 26 డిగ్రీల వాలు వరకు నిలవవచ్చు. అదే 0.1 అయితే, పది మీటర్లకు ఒక మీటరు దిగే దారి మీదనే జారడం మొదలవుతుంది.  రబ్బరు ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించదు కాని, అంచనాకు ఇది చాలు.

పట్టు ప్రధానంగా రెండు విధాలుగా లభిస్తుంది.

(అ) హత్తుకోవడం: మెత్తని రబ్బరు రాతి ఉపరితలంలోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళలోకి ఒదిగి పట్టుకుంటుంది. మధ్యలో నీటిపొర చేరితే ఈ స్పర్శ తగ్గుతుంది. చలికి రబ్బరు గట్టిపడి, ఒదిగే గుణాన్ని కొంత కోల్పోతుంది.

(ఆ) దిగబడడం: సోలు కింది పళ్ళు నేలలోకి దిగి, వెనక్కి జారకుండా ఆనుకుంటాయి. వీటినే లగ్‌లు అంటారు. వరిమడిలో దిగేవారు చెప్పులు విడిచి, కాలివేళ్ళను బురదలో పాతి నడవడంలో ఉన్న సూత్రం ఇదే.

7.3 నేల రకాలు - తగిన సోళ్ళు

తెలుగులో పొగమంచు నుంచి మంచుగడ్డ వరకు అన్నిటికీ 'మంచు' అనే మాటను వాడుతాం. బూట్లను ఎంచుకునేటప్పుడు మాత్రం వీటిని వేరుచేసి చూడాలి.

బురద: 6 నుంచి 8 మి.మీ. లోతైన పళ్ళు అవసరం. అవి ఎడంగా ఉండాలి. దగ్గరగా ఉంటే వాటి సందుల్లో మట్టి ఇరుక్కుని సోలు నున్నగా మారుతుంది.

తడి రాయి: ఇక్కడ పళ్ళ లోతు కంటే రబ్బరు మెత్తదనం, నేలను తాకే వైశాల్యం ముఖ్యం. పొడవైన పళ్ళ కొనల మీద నిలబడితే తాకే వైశాల్యం తగ్గుతుంది. నాచు పట్టిన రాయి మీద ఏ రబ్బరునూ పూర్తిగా నమ్మరాదు.

మెత్తని మంచు: కొత్తగా కురిసిన మంచులో పళ్ళు దిగబడతాయి. బురదకు పనికివచ్చే సోలు దీనికీ చాలావరకు పనికివస్తుంది.

మంచుపలక: నీరు గడ్డకట్టి ఏర్పడిన నున్నని పలక ఇది. సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ దీని పైభాగాన ద్రవంలాంటి పలుచని పొర ఉంటుంది. కరిగే స్థితికి దగ్గరైన కొద్దీ ఆ పొర మందమవుతుంది. రబ్బరు హత్తుకోవడానికి ఇక్కడ గరుకుదనం లేదు, పళ్ళు దిగబడడానికి మెత్తదనం లేదు. లోహపు మొనలే గుచ్చుకోగలవు. అందుకే ఇటువంటి బూట్ల సోళ్ళలో చాలా గట్టిదైన టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులను అమరుస్తారు.

అయితే ఆ మేకులే గట్టి రాయి మీద గుచ్చుకోలేక జారుతాయి. మన పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజీ చక్రాలు బిగించడం మీరు చూసి ఉంటారు. బురదలో వాటికి సాటి లేదు, కాని తారురోడ్డు మీద అవి పనికిరావు.

7.4 సుదీర్ఘ పోటీలో అదనపు అంశాలు

గంటల తరబడి పరుగెత్తితే పాదాలు ఉబ్బుతాయి. అందువల్ల పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం కదలకూడదు. బూటులో పాదం జారుతుంటే సోలుకు ఎంత పట్టున్నా ప్రయోజనం లేదు.

నీరు చొరని పొర ఉన్న బూట్లు పొడిమంచులో మేలు. చిత్తడి నేలలో నీరు చీలమండ మీదుగా లోపలికి చేరితే, ఆ పొరే నీటిని బయటికి పోనివ్వదు. పాదాలు ఎక్కువసేపు చల్లని తడిలో నానితే చర్మం, నరాలు దెబ్బతింటాయి. అటువంటి దారుల్లో నీరు త్వరగా కారిపోయే బూట్లు, ఉన్ని మేజోళ్ళు మంచివి.

మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది. పళ్ళ అంచులు గుండ్రంగా అరిగిన పాత జతను పోటీకి వాడరాదు. కొత్త జతను కూడా సాధనలో కొంతకాలం వాడకుండా నేరుగా పోటీకి తీసుకుపోరాదు.

7.5 ఉదాహరణ

బ్రిటన్‌లో ఏటా జనవరిలో జరిగే స్పైన్ రేసును పరిశీలిద్దాం. ఇంగ్లండులోని ఈడేల్ నుంచి స్కాట్లండులోని కర్క్ యెథమ్ వరకు, పెన్నైన్ వే అనే కాలిబాట మీద సుమారు 431 కి.మీ. సాగుతుంది. గడువు 168 గంటలు. ఆ కాలంలో అక్కడ పగలు సుమారు ఎనిమిది గంటలే. 2019లో జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో దీనిని పూర్తిచేసి, స్త్రీ పురుషులందరిలోనూ ప్రథమస్థానం పొందింది.

ఈ దారిలో చిత్తడి నేలలున్నాయి, గడ్డి వాలులున్నాయి. నేల కోతను ఆపడానికి పరచిన రాతిపలకలూ ఉన్నాయి. వాటిలో అనేకం మూతపడిన నూలుమిల్లుల నుంచి తెచ్చినవి. వాన పడితే అవి తడి రాళ్ళు, రాత్రి గడ్డకడితే మంచుపలకలు. శాశ్వతంగా మేకులున్న బూట్లు వేసుకుంటే ఇక్కడ మంచు లేని రాతి మీద ప్రతి అడుగూ ఇబ్బందే. సుమారు 6 మి.మీ. పళ్ళు, మెత్తని రబ్బరు, నీరు కారిపోయే పైభాగం ఉన్న బూట్లు తగినవి. వాటితోపాటు, బూటు మీద తొడుక్కుని తీసివేయగల మేకుల తొడుగును సంచిలో ఉంచుకోవాలి.

దీనికి భిన్నంగా, 2023 ఫిబ్రవరిలో లద్దాఖ్‌లోని గడ్డకట్టిన పాంగాంగ్ సరస్సు మీద 21 కి.మీ. పరుగు జరిగింది. మంచుపలక మీద సాగే అటువంటి పరుగులో మేకుల అవసరం మొదటి నుంచీ ఉంటుంది. బూటు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు దారిని చూడకుండా సమాధానం లేదు.

7.6 ఎంపిక క్రమం

1. దారిలో ఏ నేల ఎంత దూరం ఉందో రాసుకోండి.
2. జారితే ఎక్కువ ప్రమాదం జరిగే చోట్లను గుర్తించండి. దూరం తక్కువైనా వాటికి ప్రాధాన్యం ఇవ్వండి.
3. ఎక్కువ దూరానికి సరిపడే బూటును, ప్రమాదకరమైన మంచుపలకకు మేకుల తొడుగును ఎంచుకోండి.
4. మందమైన మేజోళ్ళతో, సాయంత్రం వేళ బూటు కొలత చూడండి.
5. చేతితొడుగులతోనే, చీకటిలో మేకుల తొడుగును వేసి తీయడం సాధన చేయండి. చలికి వేళ్ళు కొయ్యబారినప్పుడు నేర్చుకోవడం సాధ్యం కాదు.

7.7 సారాంశం

పట్టు బూటు, నేల రెండింటి మీద ఆధారపడుతుంది. బురదకు లోతైన పళ్ళు, తడి రాయికి మెత్తని రబ్బరు, మంచుపలకకు లోహపు మేకులు అవసరం. ఒక నేల మీద రక్షించేది మరొక నేల మీద జార్చవచ్చు. ఏ బూటుతోనైనా మంచుపలక మీద అడుగు చిన్నదిగా, పాదం సమంగా వేయాలి. అనుమానం కలిగిన చోట పరుగు మాని నడవాలి.

7.8 మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. మంచుపలక మీద రబ్బరు సోలు ఎందుకు జారుతుంది?
2. పళ్ళు దగ్గరగా ఉన్న సోలు బురదకు ఎందుకు తగదు?
3. మీ ప్రాంతంలో వర్షాకాలంలో నడిచే ఒక దారిని తీసుకుని, అందులోని నేల రకాలను గుర్తించి, తగిన పాదరక్షను కారణాలతో సూచించండి.